మోకాలి ఆపరేషన్: ఎంత వంగుతోందన్నది తర్వాత, కాలు చాపుతున్నారా లేదా ముందు చూడండి

మీ అమ్మగారికి 64 ఏళ్లని, రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయి మార్పిడి ఆపరేషన్ తప్పదన్నారని రాశారు. ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి, ఎన్నాళ్లకు మామూలుగా నడుస్తారు, రెండూ ఒకేసారి చేయించవచ్చా, ఆపరేషన్ తర్వాత హైదరాబాద్‌లో మీ దగ్గర ఉంచుకోవాలా ఊళ్లో ఉంచాలా అని అడిగారు. నేను రిటైరైన లెక్కల టీచర్ని, మాది తెనాలి. రోజంతా బోర్డు ముందు నిలబడే ఉద్యోగం, దానికి తోడు ఒళ్లు కూడా కాస్త ఎక్కువే. ముందు కుడి మోకాలు, కొన్ని నెలల తర్వాత ఎడమ మోకాలు మార్పించుకున్నాను. డాక్టరు చెప్పాల్సినవి డాక్టరే చెప్తారు. మంచం మీదున్న మనిషికి తెలిసేవి నేను చెప్తాను.

డాక్టరుగారి పని దాదాపు గంటన్నర. తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర అరిగిన భాగాన్ని చెక్కేసి లోహపు తొడుగులు అతికిస్తారు, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. అక్కడితో వాళ్ల వంతు అయిపోతుంది. ఆ తర్వాత ఆరు వారాలు ఇంట్లో జరిగేదాన్ని బట్టే ఆ మోకాలు ఎంత బాగా పనిచేస్తుందో తేలుతుంది.

చూడ్డానికొచ్చిన చుట్టాలందరూ అడిగేది ఒకటే: "ఎంత వంగుతోంది?" కాలు పూర్తిగా చాపగలుగుతున్నావా అని ఒక్కరూ అడగరు. నిజానికి మామూలు నడకకు 70 డిగ్రీల వంపు చాలు. మెట్లకు, కుర్చీలోంచి లేవడానికి 90 నుంచి 100 దాకా కావాలి. అది రెండు మూడు నెలల్లో మెల్లగా వచ్చేస్తుంది. కానీ కాలు నిటారుగా చాచడం మొదటి వారాల్లో రాకపోతే తర్వాత రాబట్టడం కష్టం. మోకాలు కొద్దిగా వంగే ఉండిపోతే అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా తొడ కండరం బిగపట్టుకునే ఉండాలి, ఒక కాలు పొట్టయినట్టు కుంటుతారు, కొన్నాళ్లకు నడుం పట్టేస్తుంది.

కాలు నిటారుగా చాచడానికి మొదటి శత్రువు దిండు. మోకాలి కింద దిండు పెడితే ప్రాణానికి హాయిగా ఉంటుంది. పాపం అని జాలిపడి ఎవరో ఒకరు తెచ్చి పెడతారు కూడా. పెట్టనివ్వకండి. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టాలి, మోకాలి కింద ఖాళీగా ఉండాలి. మా ఇంటికొచ్చిన ఫిజియో కుర్రాడు తువ్వాలును గట్టిగా చుట్ట చుట్టి నా మడమ కింద పెట్టేవాడు. "అమ్మా, ఇప్పుడు మోకాల్ని మంచానికేసి నొక్కండి, పది లెక్కపెట్టేదాకా వదలొద్దు" అనేవాడు. వాడి పది నిదానంగా సాగేది. "నాయనా, నీ లెక్క నాకొద్దు, నా లెక్క నేను పెట్టుకుంటా" అని పదిహేడో ఎక్కం అందుకునేదాన్ని. పదిహేడు మూళ్లు యాభై ఒకటి దగ్గరికొచ్చేసరికి తొడ వణికేది, మోకాలి వెనక నరాలు లాగేవి. తూకం వేసి చూస్తే ఆ కాసేపు పడిన బాధకే నా నడక తిరిగొచ్చింది. మీ అమ్మగారికి లెక్కలు ఇష్టం లేకపోతే గోవింద నామాలు చెప్పించండి, పనవుతుంది.

ఈ వ్యాయామాలు ఆపరేషన్ కంటే ముందే, కనీసం నెల ముందునుంచి చేయించండి. మోకాలు నొక్కిపట్టడం, కాలు చాపి కాస్త పైకెత్తి ఆపడం, మడమను మంచం మీద జరుపుకుంటూ మోకాలు వంచడం, ఈ మూడూ చాలు. నొప్పికి భయపడి ఏళ్ల తరబడి కదలక తొడ కండరం సన్నబడి ఉంటుంది. బలహీనమైన తొడతో థియేటర్‌లోకి వెళ్తే లేచి నిలబడ్డానికి అంత ఎక్కువ టైమ్ పడుతుంది.

ముందు చేయించాల్సిన పరీక్షలు ఆసుపత్రివాళ్లు ఎలాగూ రాస్తారు: రక్తం, మూత్రం, ఈసీజీ, టూడీ ఎకో, ఛాతీ ఎక్స్‌రే. వాళ్లు అడగకపోయినా మీరు చెప్పాల్సినవి కొన్నున్నాయి. పుచ్చిపళ్లు గానీ చిగుళ్ల వాపు గానీ ఉంటే ముందే చూపించేయాలి. కాలిమీద పుండు, గోరుచుట్టు, వేళ్ల మధ్య ఒరిసిన చర్మం, మూత్రంలో మంట, ఏది ఉన్నా దాచకూడదు. ఎక్కడున్న ఇన్ఫెక్షనైనా రక్తంలోంచి కొత్త కీలులోకి చేరితే మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్తుంది. గుండెకని రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టరు చేత రాయించుకోండి. సొంతంగా ఆపకండి. ఆయుర్వేదం, నాటుమందు, పక్కింటావిడ ఇచ్చిన పొడి, అన్నిటి గురించీ మత్తు డాక్టరుకు చెప్పాలి.

ఇక ఇల్లు. ఊళ్లో ఇళ్లకు ఉండే పెద్ద ఇబ్బంది గడపలు. వాకర్ పట్టుకున్న మనిషికి గడప అంటే గోడే. పడగ్గదికీ బాత్రూమ్‌కీ మధ్య గడప ఉంటే రెండువైపులా ఏటవాలుగా చెక్క వేయించండి, లేదా గడప లేని గదికి మంచం మార్చండి. డోర్‌మ్యాట్లు, పాత చీరలతో చేసిన పట్టాలు, అన్నీ తీసేయండి. ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉంటే ఆపరేషన్ కంటే ముందే కమోడ్ పెట్టించాలి, పక్కన గోడకు పట్టుకోడానికి కడ్డీ బిగించాలి. మంచం ఎత్తు ఎంతుండాలంటే, కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, మోకాలు తుంటి కంటే పైకి లేవకూడదు. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి ఉండాలి. సోఫాలో మాత్రం కూర్చోనివ్వకండి, కూలబడ్డాక లేపడానికి ఇద్దరు కావాలి. వాకర్ కొనేటప్పుడు ఆవిణ్ణి నిలబెట్టి చేతులు కిందికి వదిలేయమనండి. పిడి మణికట్టు దగ్గరకు రావాలి. అంతకంటే పొట్టిదైతే వంగి నడుస్తారు.

హైదరాబాదా, ఊరా అన్నదానికి నా ఓటు ఫిజియో రోజూ రాగలిగిన చోటికే. మీ ఫ్లాట్‌లో లిఫ్ట్ ఉండి, పగలు తోడు ఉండే మనిషి దొరికితే మీ దగ్గర ఉంచుకోండి. మీరిద్దరూ ఆఫీసులకెళ్లిపోయి ఆవిడొక్కరే ఉండేలా అయితే, పక్క టౌన్ నుంచి ఫిజియోను పిలిపించుకుని ఊళ్లో ఉండటమే నయం.

రెండూ ఒకేసారి చేయించుకున్నవాళ్లు మా చుట్టాల్లో ఉన్నారు, బాగానే తిరుగుతున్నారు. ఒకటే మత్తు, ఒకటే ఆసుపత్రి బస, ఖర్చు కూడా కొంత తగ్గుతుంది. కానీ శరీరం మీద భారం ఎక్కువ, రక్తం ఎక్కువ పోతుంది. గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు గట్టిగా ఉన్నవాళ్లకే డాక్టర్లు ఒప్పుకుంటారు. నా మటుకు నాకు, ఆనుకోడానికి ఒక కాలైనా ఉందన్న ధైర్యం కావాలనిపించి ఒక్కొక్కటే చేయించుకున్నాను. రెండోసారి ఏం జరగబోతోందో తెలుసు కాబట్టి టెన్షన్ సగమే.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల, అంటే లోపల అమర్చే కృత్రిమ భాగాల ధరలకు పరిమితి పెట్టింది. లక్షన్నర పైన అమ్మిన మామూలు కోబాల్ట్ క్రోమియం లోహపు రకం ధరను 54,720 రూపాయలకు, జీఎస్టీ అదనంగా, దించారు. ఆ తర్వాత ఆ అంకెలు కొద్దికొద్దిగా మారుతూ వచ్చాయి. కాబట్టి ప్యాకేజీలో ఇంప్లాంట్ ధర విడిగా రాసివ్వమనండి, ఏ కంపెనీ ఏ రకమో ఉన్న స్టిక్కరును డిశ్చార్జి కాగితాల్లో అతికించమనండి. ఆరోగ్య బీమా ఉంటే చాలా పాలసీల్లో కీళ్ల మార్పిడికి రెండేళ్లో అంతకంటే ఎక్కువో వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అది గడిచేదాకా ఖర్చు ఇవ్వరు, తేదీ ఖాయం చేసేముందే చూసుకోండి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) కార్డున్నవాళ్లు ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే సహాయకులను కలవాలి.

ఆపరేషన్‌కు భయపడాల్సింది లేదు. సాధారణంగా వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి నడుం కింద మొద్దుబారేలా చేస్తారు. సుత్తి చప్పుళ్లు వినపడతాయి, వడ్రంగి పనిలా ఉంటుంది, కావాలంటే నిద్రమత్తు అడగొచ్చు. అదేరోజో మర్నాడో వాకర్‌తో నిలబెడతారు. తొడ దగ్గర ఇచ్చే నరాల మత్తు ఉన్నంతసేపు "ఇంతేనా!" అనిపిస్తుంది. అది దిగాకే అసలు నొప్పి తెలుస్తుంది. నొప్పి మాత్రలు నొప్పి వచ్చాక వేసుకునేవి కావు, టైమ్ ప్రకారం వేసుకునేవి. ఫిజియో రావడానికి అరగంట ముందు ఒకటి పడేలా డాక్టరుతో మాట్లాడి సర్దుకోండి. ఆ మాత్రలతో మలబద్ధకం గట్టిగా వస్తుంది, దానికీ మందు అడిగి ఇంటికి తెచ్చుకోవాలి. ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు పెట్టాలి. వేడి కాపడం, నూనె మర్దనా అసలొద్దు.

మొదటి రెండు మూడు వారాలు రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఎందుకు చేయించుకున్నానురా భగవంతుడా అని ఏడుపొస్తుంది. ఇది చాలామందికి జరిగేదే, మీ అమ్మగారు ఫోన్‌లో ఏడిస్తే కంగారుపడి ఎక్సర్‌సైజులు ఆపించకండి.

పథ్యం సంగతొకటి. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ తింటే పుండు మానదు అని మా అత్తగారి తరపువాళ్లు చారన్నంతో సరిపెట్టబోయారు. గాయం మానడానికి కావాల్సిందే మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఏది ఇష్టమైతే అది పెట్టండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టరును అడిగి.

కుట్లో పిన్నులో రెండు వారాలకు తీస్తారు. ఆరు వారాలకు చాలామంది చేతికర్రతోనో, అదీ లేకుండానో ఇంట్లో తిరుగుతారు. మూడు నెలలకు బజారుకెళ్లి వస్తారు. వాపు, వేడి మాత్రం ఆరు నెలల దాకా అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. మచ్చకు బయటివైపు అరచేతి మేర చర్మం మొద్దుబారి ఉంటుంది, అది కొంత తగ్గొచ్చు, పూర్తిగా పోకపోవచ్చు. నడుస్తుంటే టక్ టక్ అని చిన్న చప్పుడు వస్తుంది, లోహమూ ప్లాస్టిక్కూ కదా, భయం లేదు. మెట్ల దగ్గర ఒక్క సూత్రం: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సినవి: పిక్క గట్టిపడి నొప్పిగా వాచడం, ఆయాసం, ఛాతీలో నొప్పి, గాయం నుంచి రసి కారడం, చలిజ్వరం. పిక్కలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఒక్కపూట కూడా మానకూడదు. మంచం మీద ఉన్నంతసేపూ పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి.

బాసింపట్టు వేసి కింద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం ఇక మర్చిపోవాలి. పేరంటాల్లో కుర్చీ అడగడానికి మొదట్లో మొహమాటంగా ఉండేది, ఇప్పుడు నా వయసు వాళ్లందరూ కుర్చీల్లోనే ఉంటున్నారు. తిరుమల మెట్లు ఎక్కొచ్చా అని డాక్టరుగారిని అడిగాను. కోలుకున్నాక మీ ఓపిక, అలవాటు చూసుకుని నిదానంగా ఎక్కొచ్చు, కానీ మోకాళ్ల పర్వతం మోకాళ్ల మీద ఎక్కుతాననే మొక్కు మాత్రం మొక్కకండి అన్నారు డాక్టరుగారు. విమానాశ్రయంలో మెటల్ డిటెక్టర్ మోగొచ్చు, మోకాలు మార్పించుకున్నామని ముందే చెప్పి వాళ్ల తనిఖీకి సహకరిస్తే సరిపోతుంది.

మీ అమ్మగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఆపరేషన్ తేదీ అడిగేముందు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి. 8 దాటి ఉంటే చాలామంది సర్జన్లు ఆగమంటారు, తగ్గించుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ నెలల్లోనే తువ్వాలు వ్యాయామం మొదలుపెట్టించండి. రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి, నాకు తెలిసింది చెప్తాను.