ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు

చిరంజీవి సురేష్‌కు బాబాయి ఆశీస్సులు.

మొన్న ఫోన్లో ఉన్నంతసేపూ నువ్వు గొంతు తగ్గించే మాట్లాడావు. టెస్టోస్టిరాన్ తక్కువని తేలితే సిగ్గుపడాల్సింది ఏమీ లేదురా. థైరాయిడ్ తగ్గితే మాత్ర వేసుకోమా, ఇదీ అలాంటిదే. నేను తొమ్మిదేళ్లుగా ఈ మందు మీదే ఉన్నాను. మీ పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు. రెండు వేర్వేరు రోజుల్లో పొద్దున్నే పరగడుపున రక్తం ఇచ్చావని, రెండుసార్లూ తక్కువని తేలాకే డాక్టరు మందు రాశారని చెప్పావు. అది సరైన పద్ధతే. కాబట్టి మందు వద్దని చెప్పను. దానివల్ల వచ్చే ఇబ్బందులతో ఎలా నెట్టుకురావాలో నాకు తెలిసింది రాస్తాను.

అన్నిటికంటే ముందు ఒక సంగతి. పాపకి తోడుగా ఇంకొకరు కావాలని మీరిద్దరూ అనుకుంటున్నారా? అనుకుంటుంటే వచ్చేవారం ఇంజెక్షన్ వేయించుకోకుండా ముందు ఆ మాట డాక్టరుకి చెప్పు. మగ హార్మోనే కదా, పిల్లలు పుట్టడానికి కూడా పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది పూర్తిగా తలకిందులు. బయటినుంచి హార్మోన్ అందుతుంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఒంట్లో సరిపడా ఉందనుకుని, వృషణాలను పనిచేయించే హార్మోన్లైన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను వదలడం ఆపేస్తుంది. దాంతో వీర్యకణాలు పడిపోతాయి, కొందరిలో సున్నాకి వస్తాయి. మందు మానేస్తే చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది లోపు తిరిగొస్తాయి. కొందరికి రెండేళ్లు పట్టొచ్చు, కొద్దిమందికి మునుపటంత రావు. హెచ్‌సీజీ ఇంజెక్షన్లు, క్లోమిఫీన్ లాంటి, వీర్యకణాలను దెబ్బతీయని వేరే దారులున్నాయి. వీర్యాన్ని ముందే భద్రపరుచుకునే వీలూ ఉంది. ఇవన్నీ మొదటి సూది పడకముందే అడగాల్సినవి. వెళ్లేటప్పుడు మా కోడలమ్మాయిని కూడా తీసుకెళ్లు, ఇది నువ్వొక్కడివే తేల్చుకునేది కాదు. వృషణాలు కాస్త చిన్నవై మెత్తబడటం కూడా దీనివల్లే. నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. ఐదో నెలలో గమనించి హడలిపోయాను, వారం రోజులు నిద్రపట్టలేదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. మొదట్లో నాకు మూడు వారాలకోసారి 250 మిల్లీగ్రాములు ఇచ్చేవారు. రెండో నెలకే ప్రాణం లేచొచ్చినట్టయింది. మెట్లెక్కితే ఆయాసం లేదు, పొద్దున్నే అలారం లేకుండా మెలకువ వచ్చేది. మూడో నెలలో రక్తపరీక్ష చేయించుకోమన్నారు. ఇంత బాగుంటే పరీక్ష దేనికని వాయిదా వేశాను. ఏడో నెలలో ఒకరోజు స్నానం చేసి అద్దం ముందు నిలబడితే ముఖం కందిపోయినట్టు ఎర్రగా ఉంది, తల దిమ్ముగా ఉంది. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల పాళ్లు, 55 శాతం. 54 దాటితే మందు ఆపాల్సిందే. ఈ హార్మోన్ ఎముక మజ్జను తొందరపెట్టి ఎర్రకణాలను ఎక్కువగా తయారు చేయిస్తుంది, రక్తం చిక్కబడుతుంది. చిక్కబడుతున్న సంగతి చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు. నాకు ఒంట్లో అంత హుషారుగా ఉన్న రోజుల్లోనే లోపల రక్తం చిక్కబడుతూ వచ్చింది. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి మందు ఆపిన వెంటనే అంకె దిగదు. నాకు మూడు నెలలు పైనే పట్టింది. ఆ మూడు నెలలూ పాత నీరసం మళ్లీ వచ్చి మీద కూర్చుంది.

అందుకని ఇప్పుడే, మందు మొదలుపెట్టకముందే, హెమటోక్రిట్ ఎంత ఉందో చూపించుకో. తర్వాత మూడు నుంచి ఆరు నెలల మధ్య ఒకసారి, ఆపైన ఏటా. సిగరెట్టు మానెయ్, అది కూడా రక్తాన్ని చిక్కబరుస్తుంది. గురక ఎక్కువైందని, నిద్రలో ఊపిరి ఆగుతోందని అమ్మాయి అంటే తేలిగ్గా తీసుకోకు, స్లీప్ అప్నియా ఈ మందుతో పెరగొచ్చు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

గుండె గురించి భయపడుతున్నావు. గుండెజబ్బు ఉన్న, లేదా వచ్చే ముప్పు ఎక్కువున్న 5,200 మందికి పైగా మగవాళ్ల మీద చేసిన ట్రావర్స్ అనే పరిశోధన 2023లో వెలువడింది. గుండెపోటు, పక్షవాతం మందు తీసుకున్నవాళ్లలో ఎక్కువేమీ కాలేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో గడ్డ కట్టడం కొంత ఎక్కువగా కనిపించాయి. కాబట్టి గుండె దడదడలాడితే దాచుకోకు.

కోపం సంగతి మాత్రం నేను గమనించలేదు, మీ పిన్ని గమనించింది. నేను విసుక్కున్న రోజల్లా క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చిన్న చుక్క పెట్టేది, నాకు చెప్పకుండా. రెండు నెలలయ్యాక తెచ్చి ముందు పెట్టింది. చుక్కలన్నీ ఇంజెక్షన్ పడిన తర్వాతి మూడు నాలుగు రోజుల్లోనే గుంపుగా ఉన్నాయి. మూడో వారంలో ఒక్కటీ లేదు, ఆ వారమంతా నేను మంచానికి అతుక్కుని ఉండేవాణ్ణి. ఆ కాగితం డాక్టరుకి చూపిస్తే ఆయన మోతాదును చీల్చి వారం వారం కొద్దికొద్దిగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఎగుడుదిగుళ్లు తగ్గాయి, చుక్కలూ తగ్గాయి, హెమటోక్రిట్ కూడా అదుపులో ఉంది. నువ్వూ ఒక నోటు పుస్తకం పెట్టుకో. సూది పడిన తేదీ, నిద్ర, కోపం, బీపీ, బరువు, అంతే. వారానికోసారి వేసుకునేవాళ్లు టెస్టోస్టిరాన్ పరీక్షకి రెండు ఇంజెక్షన్ల మధ్య రోజున రక్తం ఇవ్వాలి, లేకపోతే ఆ అంకెను నమ్మలేం.

ఒకవేళ జెల్‌కి మారితే పాప విషయంలో చాలా జాగ్రత్త. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కో, ఆరాక చొక్కా వేసుకో. రాసిన భుజం మీద పాపను పడుకోబెట్టుకోకు. ఆ మందు పిల్లల చర్మానికి అంటితే వయసు రాకముందే ఒంట్లో మార్పులు మొదలవుతాయి. అమ్మాయికీ అంటకూడదు, కడుపుతో ఉన్నప్పుడైతే అసలే కూడదు.

వీపు మీద మొటిమలు వస్తాయి, చర్మం జిడ్డుగా అవుతుంది, చాలావరకు సర్దుకుంటుంది. మన ఇంట్లో బట్టతల ఉంది కాబట్టి జుట్టు ఇంకాస్త త్వరగా రాలొచ్చు. చీలమండలు వాస్తే చెప్పు. చనుమొన కింద గడ్డలా తగిలి నొప్పి పెడితే అదీ చెప్పు, టెస్టోస్టిరాన్‌లో కొంత ఈస్ట్రోజన్‌గా మారడం వల్ల వస్తుంది. దానికి మాత్రలున్నాయని జిమ్ములో ఎవరో చెప్పారని కొని మింగకు. నీకు నలభై రెండు కదా, పీఎస్‌ఏ అనే ప్రోస్టేట్ గ్రంథి రక్తపరీక్ష కూడా చేయించుకో. మొదటి ఏడాదిలో ఆ అంకె 1.4 కంటే ఎక్కువ పెరిగితే యూరాలజిస్టుకి చూపించాలి.

మోతాదు నీ అంతట నువ్వు పెంచకు. బాగాలేదని ఒకరోజు హఠాత్తుగా మానేయనూ కూడదు.

అమ్మాయితో మాట్లాడి ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. మీ పిన్ని పక్కనే ఉంటుంది, గొంతు తగ్గించక్కర్లేదు.

మీ బాబాయి