మూడు రంగుల లేజర్లను కలిపితే సంబద్ధమైన తెల్లని కాంతి వస్తుందా?

ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లను ఒకే పుంజంగా కలిపితే వచ్చే తెలుపు సంబద్ధ (coherent) కాంతి, అంటే తరంగాల దశలు ఒకదానితో ఒకటి నిలకడగా పొంది ఉన్న కాంతి, అవుతుందా అని అడిగారు. తెలుపు వస్తుంది. సంబద్ధత కూడా ఎక్కడికీ పోదు, కానీ అది ఏ రంగుకు ఆ రంగులోనే ఉంటుంది. బల్ల మీద మూడు లేజర్లు పెట్టుకుని చూసేదాకా ఈ తేడా నాకు స్పష్టం కాలేదు.

నేను వాడినవి 638, 520, 450 నానోమీటర్ల డయోడ్లు. వాటిని కలిపేవి డైక్రోయిక్ అద్దాలు. అవి ఒక రంగును తిప్పికొట్టి, మరొకదాన్ని తమ గుండా పోనిస్తాయి. గోడ మీద మూడు చుక్కలూ కలిశాయని సంబరపడ్డాను. గోడను వదిలి గది చివరకు పంపితే మళ్లీ విడిపోయాయి! దగ్గర ఒక గుర్తు, దూరాన ఒక గుర్తు పెట్టి రెండు చోట్లా కలపాలి. అందుకు ప్రతి రంగుకూ స్థానం, కోణం రెండూ విడివిడిగా సవరించే వీలుండాలి. మూడింటికీ సమాన శక్తి ఇస్తే నీలి ఛాయ వస్తుంది. ఈ తరంగదైర్ఘ్యాలకు లెక్క ప్రకారం నీలం 1 పాలు అయితే ఆకుపచ్చ సుమారు 1.75, ఎరుపు 2.5 పాళ్లు ఉండాలి.

అసలు సంగతి ఆ పుంజాన్ని మైకెల్సన్ వ్యతికరణ మాపకంలోకి పంపినప్పుడు తెలిసింది. అది పుంజాన్ని రెండు దారుల్లోకి చీల్చి మళ్లీ కలుపుతుంది; కలిసిన చోట వెలుగు, చీకటి పట్టీలు కనిపిస్తాయి. తెల్లని పట్టీలు వస్తాయనుకున్నాను. వచ్చినవి మూడు వేర్వేరు వరుసలు. ఎరుపు పట్టీల మధ్య దూరం నీలం పట్టీలకు ఉన్నదానికి దాదాపు 1.4 రెట్లు, అంటే సరిగ్గా తరంగదైర్ఘ్యాల నిష్పత్తి. అవి ఒకదానిపై ఒకటి పడిన చోట పసుపు, ఊదా మెరిశాయి. ఎంత అందంగా ఉందో చెప్పలేను. తెలుపుకంటూ సొంత వరుస మాత్రం లేదు, ఎందుకంటే ఆ తెలుపు పుట్టింది మన కంటిలోని మూడు రకాల శంకు కణాల్లో. ఎరుపు, ఆకుపచ్చ తరంగాల మధ్య దశాభేదం సెకనుకు కోటి కోట్ల పైచిలుకు సార్లు చుట్టు తిరుగుతుంది. పైగా మూడూ స్వతంత్ర జనకాలు కనుక ఆ తిరగడానికి నిలకడ కూడా ఉండదు.

ఒకే జనకం నుంచి అన్ని రంగులూ కావాలంటే దారి వేరు. అతి స్వల్ప కాలం ఉండే లేజర్ స్పందాన్ని (pulse) గాజులోకి పంపితే దాని వర్ణపటం విశాలంగా పరచుకుంటుందని 1970లో ఆల్ఫానో, షపీరో అనే శాస్త్రవేత్తలు చూపారు. 2000లో ఫోటానిక్ క్రిస్టల్ ఫైబర్ (పొడవునా సన్నని రంధ్రాలున్న గాజు తీగ) ఆ పనిని బాగా సులువు చేసింది. ఆ కాంతి లేజర్ పుంజంలాగే సన్నగా సాగుతుంది. అయితే వర్ణపటం అంత విశాలమైనప్పుడు, రెండు దారుల తేడా ఒకటి రెండు మైక్రోమీటర్లు దాటితే పట్టీలు కనిపించవు.

కనుక రంగుల హోలోగ్రామ్ (ఇలాంటి పట్టీలను నమోదు చేసి చూపే త్రిమితీయ చిత్రం) మీ లక్ష్యమైతే మూడు లేజర్లే మేలు, ఏ రంగు పట్టీలు ఆ రంగే నమోదు చేస్తుంది. ఒక్క జాగ్రత్త: మూడు రంగులనూ ఆపే రక్షణ కళ్లద్దాలు పెట్టుకుంటే ఆ తెల్లని చుక్క కూడా కనిపించదు. అందుకే నేను పుంజాన్ని కంటి ఎత్తుకు బాగా కిందుగా ఉంచి, అత్యల్ప శక్తితో ఒక్కో రంగునూ సరిచేసి, కలిసిన చుక్కను కెమెరాలోనే చూశాను.