మేకెదాటు వెళ్తున్న మా చిన్నికి

చిన్నీ,

శనివారం నువ్వూ నీ ఫ్రెండ్సూ కావేరి ఒడ్డున ఉన్న మేకెదాటు వెళ్తున్నారని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చెప్పి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎందుకో నాకు తెలుసు. మన ఇంట్లో సొంతంగా కారు నడుపుకుంటూ అంత దూరం పోతున్న మొదటి ఆడపిల్లవి నువ్వే. మీ పెద్దమ్మ అప్పుడే వీధంతా చెప్పేసింది. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

ఐదింటికల్లా బయల్దేరండి. జారని బూట్లు వేసుకో, నీళ్ళు ఎక్కువ పెట్టుకో. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకండి. అంతే.

మా పెళ్లయిన కొత్తలో, ఒక ఆగస్టులో మేమూ వెళ్ళాం. మీ నాన్నకి పందొమ్మిదేళ్ళు. ఏదో పరీక్ష రాయడానికి బెంగళూరు వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. మబ్బు తునక లేదు. అర్కావతి కావేరిలో కలిసే సంగమం దగ్గర పుట్టిలో దాటి, నాలుగు కిలోమీటర్లు నడిచాం. అక్కడ బండలు నీటికి అరిగి రోళ్ళలాగా గుంటలు పడి ఉంటాయి. మేక దూకేంత ఇరుకని ఆ పేరు. ఇరుకు చూసి మోసపోకు, అంత నదీ అందులోంచే పోవాలి.

మీ పెద్దమ్మ పులిహోర డబ్బా విప్పుతోంది. నా మెళ్ళో కొత్త కెమెరా, 36 ఫోటోల రీలు. "ఒరేయ్, ఆ ముందు బండ మీద నిలబడరా, వెనకాల నీళ్ళు బాగా పడతాయి" అన్నాను. అన్నది నేనే. మధ్యలో చీలమండ లోతు నీళ్ళు, అంతే. వాడు దాటి నిలబడ్డాడు. అటు జరుగు, ఇటు జరుగు అంటూ మూడు ఫోటోలు తీశాను. నాలుగోదానికి వాడు నవ్వడం మానేశాడు.

వాడు దాటిన చోట నీళ్ళు మోకాలు దాటేశాయి. నది చప్పుడు కూడా మారిపోయింది, నా ధ్యాసంతా కెమెరా మీదే. పుట్టి నడిపే ఆయనొకడు గట్టున బీడీ కాలుస్తున్నాడు. పరుగున వచ్చి తెడ్డు చాచాడు. వాడు దాన్ని పట్టుకుని ఈవల పడ్డాడు. ఆయన తిట్టింది మాత్రం నన్ను. తిట్టాలి కూడా.

కొడగులో వాన పడితే పైనున్న కేఆర్ఎస్ డ్యామ్ నిండుతుంది, వయనాడులో పడితే కబిని డ్యామ్. గేట్లెత్తితే ఆ నీళ్ళు ఎండ కాస్తుండగానే అక్కడికి వస్తాయి. ముందురోజు వార్తలు చూడు. నీళ్ళు వదులుతుంటే వెళ్ళొద్దు, ఫ్రెండ్స్ ఎగతాళి చేసినా సరే. వెళ్ళాక నీటి అంచున ఒక రాయి గుర్తుపెట్టుకుని మాటిమాటికీ చూస్తుండు. అది మునిగిందా, సామాను వదిలేసి పైకొచ్చెయ్. ఫోటో కోసం ఎవర్నీ ఎక్కడా నిలబెట్టకు. మొసళ్ళున్నాయి, ఏనుగులున్నాయి, చీకటి పడకముందే వచ్చేయండి. వాటి గురించి నాకంత టెన్షన్ లేదు.

ఆ మూడో ఫోటో ఇంకా ఆల్బంలో ఉంది. మీ నాన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటాడు, చెప్పులు తడిసి ఉంటాయి. ఆ చెప్పుల్లో ఒకటి కొట్టుకుపోయింది. బస్సులో పోయిందని మా అమ్మకి చెప్పాడు. నా పేరు ఎక్కడా రానివ్వలేదు, ఇన్నేళ్ళూ.

శుక్రవారం రాత్రికి జయనగర్ వచ్చి మా ఇంట్లోనే పడుకో, కనకపుర రోడ్డు ఇక్కణ్ణించి దగ్గర. పులిహోర కట్టిస్తాను. తిరిగి వస్తూ సిగ్నల్ తగిలిన చోట కారు ఆపి ముందు మీ నాన్నకి ఫోన్ చెయ్. నాకు తర్వాత చేసినా ఫర్వాలేదు.

మీ పెదనాన్న