ఆ మూడు కుటుంబాలతో ఆగిపోకండి

హెర్మైట్, లగేర్, జాకోబీ కుటుంబాలు తప్ప డిఫరెన్షియల్ ఆపరేటర్‌కి ఐగెన్ ఫంక్షన్లయ్యే (అంటే ఆపరేటర్ పనిచేసినా ఒక సంఖ్యతో గుణించినట్టే మిగిలే) ఆర్థోగోనల్ బహుపదులు ఇంకేవీ లేవా అని ఒకరు అడిగారు. ఏ రెండు వేర్వేరు బహుపదుల లబ్ధాన్నైనా వెయిట్ అనే ప్రమేయంతో గుణించి ఇంటిగ్రేట్ చేస్తే సున్నా వస్తే అవి ఆర్థోగోనల్. ఉన్నాయి. "ఇవే" అన్న మాట రెండో ఆర్డర్ ఆపరేటర్లకే, అంటే రెండో అవకలజం దాకా మాత్రమే వెళ్లేవాటికే చెల్లుతుంది. ఆ షరతు చెప్పకుండా పాఠం ముగించేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

1929లో గణితజ్ఞుడు బోఖ్నర్ చేసిన వాదన ఎంత చిన్నదో చూడండి. డిగ్రీ 0, 1, 2 బహుపదుల్ని సమీకరణంలో పెడితే రెండో అవకలజం ముందున్న గుణకం డిగ్రీ 2 దాటదు. అది స్థిరాంకమైతే హెర్మైట్, డిగ్రీ 1 అయితే లగేర్, రెండు వేర్వేరు మూలాలుంటే జాకోబీ, ఒకే మూలం రెండుసార్లు వస్తే బెసెల్. ఈ చివరివాటికి వాస్తవరేఖ మీద ధన వెయిట్ లేదు కాబట్టి చాలామంది పేరు కూడా ఎత్తరు. ఈ ఒక్క పేజీ వదిలేసి, ఒక్కో కుటుంబానికి ఒక్కో రోడ్రిగ్స్ ఫార్ములా (బహుపదిని అవకలజాలతో నేరుగా రాసే సూత్రం) బట్టీ పట్టించడం ఏం చదువు?

చదువుకునే రోజుల్లో మాకూ "ఇంకేవీ లేవు" అనే చెప్పారు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ రాత్రి లెజాండ్ర్ వెయిట్ (మైనస్ 1 నుంచి 1 దాకా అంతటా 1) తీసుకుని, 1 దగ్గరా మైనస్ 1 దగ్గరా ఒక్కో యూనిట్ పాయింట్ మాస్, అంటే ఆ ఒక్క బిందువు దగ్గరే ఉండే అదనపు బరువు, కలిపాను. డిగ్రీ 2 బహుపదిలో స్థిరపదం మైనస్ 1/3 బదులు మైనస్ 2/3 అయింది. రెండో ఆర్డర్ ఆపరేటర్ కోసం వెతికితే డిగ్రీ 3 దాకా చక్కగా కుదిరింది. డిగ్రీ 4 దగ్గర తెగింది: ఎక్స్ స్క్వేర్ గుణకం మైనస్ 36/31 కావాలని ఆపరేటర్ అంటుంది, ఆర్థోగోనాలిటీ మాత్రం మైనస్ 54/49 ఇస్తుంది. లెక్క మళ్లీ మళ్లీ సరిచూశాను, అదే వచ్చింది. తర్వాత లైబ్రరీలో తెలిసింది, సరిగ్గా ఈ బహుపదులకే నాలుగో ఆర్డర్ ఆపరేటర్ ఉందని హెచ్.ఎల్. క్రాల్ 1940లోనే చూపించాడని! ఆర్డర్ ఎప్పుడూ సరి సంఖ్యే అవుతుందని కూడా ఆయనే తేల్చాడు. ఆనందంతో నిద్ర పట్టలేదు.

లగేర్ వెయిట్‌కి (ఎక్స్ పవర్ ఆల్ఫా ఇంటూ ఇ పవర్ మైనస్ ఎక్స్) సున్నా దగ్గర మాస్ కలిపితే ఇంకా వింత. ఆల్ఫా రుణేతర పూర్ణాంకమైతే ఆర్డర్ 2ఆల్ఫా+4, కాకపోతే అనంతం. నన్నడిగితే ఈ ఒక్క ఫలితం సిలబస్‌లో సగం చాప్టర్ల కంటే విలువైనది.

అసలు రెండో ఆర్డర్‌లో కూడా కథ ముగియలేదు. బోఖ్నర్ వాదనకి డిగ్రీ 0 బహుపది కావాలి కదా, దాన్నే తీసేసి డిగ్రీ 1 నుంచి మొదలుపెట్టారు గోమెజ్-ఉయాతే, కామ్రాన్, మిల్సన్, 2009లో. ఆపరేటర్ గుణకాలు బహుపదులు కాకుండా భిన్న ప్రమేయాలయ్యాయి, కొత్త లగేర్, జాకోబీ కుటుంబాలు బయటపడ్డాయి.