ముగ్గురు చంద్రమతులు

నల్లగొండ

చిరంజీవికి,

ఆశీస్సులు. ముగ్గురు నటీమణులు వేసిన హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి పాత్రను పోలుస్తూ నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రాత్రి రెండు గంటల దాకా కటిక నేల మీద కూర్చొని పద్యనాటకం చూసే ఆడపిల్ల ఈ రోజుల్లో కూడా మన జిల్లాలో ఉన్నదంటే నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. అయితే వ్యాసం గురించి నిజం చెప్పాలి. మొదటి ఆమెకు గాత్రం ఉన్నదనీ, రెండో ఆమెకు అభినయం ఉన్నదనీ, మూడో ఆమెకు రెండూ సమపాళ్ళలో ఉన్నాయనీ రాసి, చివర ఒకరిని గొప్ప అని తేల్చావు. ఆ ముగ్గురినీ చూడని నాకు, చదవడం పూర్తయిన తరువాత కూడా వాళ్ళు కంటికి కనిపించలేదు.

మొత్తం నాటకాన్ని పోల్చబోకు. ముగ్గురూ దాటవలసిన ఒకే చోటును పట్టుకో. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1912లో రాసిన సత్య హరిశ్చంద్రీయంలో అలాంటి చోటు కాటి సీనులో ఉన్నది. పాము కరిచి చనిపోయిన కొడుకు లోహితాస్యుణ్ణి ఎత్తుకొని చంద్రమతి వల్లకాటికి వస్తుంది. కాటి సుంకం ఇవ్వనిదే దహనానికి వీలు లేదని కాపరి అడ్డగిస్తాడు. తన దగ్గర ఏమీ లేదని ఆమె ఏడుస్తుంటే, మెడలో మంగళసూత్రం ఉన్నది కదా అంటాడు. ఆ సూత్రం కట్టిన భర్తకు తప్ప మరొకరికి కనిపించదు. ఎదురుగా కర్ర పట్టుకొని నిలబడ్డవాడు ఎవరో ఆమెకు తెలిసిపోయే క్షణం అది. కాపరి మాటకూ చంద్రమతి జవాబుకూ నడుమ ఉన్న ఆ జాగాలో నటి ఏం చేస్తుందో రచయిత రాయలేదు, రాయలేడు కూడా. అక్కడ ప్రతి నటీ తన చంద్రమతిని తానే తయారు చేసుకోవాలి.

నేను చూసిన వాళ్ళ గురించి చెబుతాను. దేవరకొండ పక్క ఒక ఊళ్ళో, బడి ముందర కట్టిన పందిట్లో చూసిన ఆమె, ఆ మాట వినగానే చెయ్యి గొంతు దగ్గరికి తీసుకుపోయింది. సూత్రాన్ని పట్టుకోలేదు, దాన్ని అరచేత్తో కప్పింది. పరాయి మగవాడి చూపు పడ్డదని మొదట సిగ్గుపడి, ఆ చెయ్యి అక్కడే ఉండగా సంగతి అర్థమై, వేళ్ళు ఒక్కొక్కటిగా సడలించి సూత్రాన్ని బయటపెట్టింది. సిగ్గు నుంచి ఎరుక దాకా పోయే ఆ దారినంతా ఆమె అయిదు వేళ్ళతో నడిచింది. చాలా ఏళ్ళ తరువాత వనపర్తి దిక్కు ఒక జాతరలో చూసిన మరొక నటి చేతులు కదపనే లేదు. లోహితాస్యుడి వేషం వేసిన పిల్లవాడు అప్పటికే నిజంగా నిద్రపోయాడు. ఆమె వాడి తలను ఒడిలోకి తీసుకునేటప్పుడు, లేపకూడదన్నట్టుగా మెడ కింద చెయ్యి పెట్టి మెల్లగా ఎత్తింది. కాపరి మాట విన్న తరువాత అతని వైపు చూడకుండా బిడ్డ ముఖంలోకే చాలాసేపు చూసి, అప్పుడు తలెత్తింది. భర్తను గుర్తుపట్టిన సంతోషం కంటే, ఈ బిడ్డను ఇతనికి ఎలా చూపించాలన్న భయమే నాకు ఆ చూపులో కనిపించింది. ఆ రెండు రాత్రుల తరువాతనే నాకు ఒక ప్రశ్న పుట్టింది. సూత్రం మాట రాకముందే, గొంతు విన్నప్పుడే చంద్రమతికి అనుమానం వచ్చి ఉంటుందా? మొదటి ఆమె లేదన్నది. రెండో ఆమె, నా ఉద్దేశంలో, అవునన్నది. పోలిక ఇలాంటి ప్రశ్న దాకా రావాలి. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అన్న దగ్గర ఆగిపోతే చదివేవాడికి మిగిలేదేమీ లేదు.

నీ వ్యాసంలో ఒక వాక్యం ఉన్నది: రెండో నటి, జనం వన్స్‌మోర్ అన్నప్పుడు పద్యం మళ్ళీ పాడిందని. ఆ ఒక్క వాక్యంతో దాటిపోయావు, కాని అక్కడ ఒక పేజీ రాయవలసినంత ఉన్నది. కన్నకొడుకు శవం ముందర ఏడుస్తున్న తల్లిని, ఆ ఏడుపు మళ్ళీ ఒకసారి వినిపించమని జనం అడుగుతున్నారు. అది మన పద్యనాటకానికి ఉన్న అభిమానం, అదే నటికి పరీక్ష. ముందుకు వచ్చి, సభకు నమస్కారం పెట్టి, రాగం ఇంకా పొడిగించి పాడిన వాళ్ళను చూశాను. వంచిన తల ఎత్తకుండా, హార్మోనియం శ్రుతి అందుకొని, చివరి పాదం మాత్రమే సన్నగా పాడి ఊరుకున్న ఆమెనూ చూశాను. మొదటి పద్ధతి తప్పని నేను అనను. జనం పాటను ప్రేమించే చోట అది వాళ్ళకు ఇచ్చే మర్యాద. కాని నువ్వు చూసిన ఆమె ఏ పద్ధతి ఎంచుకున్నదో, అప్పుడు ఆమె ముఖం ఎటు తిరిగి ఉన్నదో, పిల్లవాడి మీద ఉన్న చెయ్యి తీసిందో లేదో నాకు కావాలి.

పోల్చే ముందు వాళ్ళు ఏ స్థితిలో ఆడారో తెలుసుకో. మన ఊళ్ళలో మగ వేషాలు ఊరివాళ్ళు వేస్తారు, ఆడ వేషాలకు పట్నం నుంచి ఆర్టిస్టులను పిలిపిస్తారు. సాయంత్రం బస్సు దిగిన నటి, ఆ రాత్రి తన హరిశ్చంద్రుణ్ణి మొట్టమొదటిసారి తెర వెనకనే చూస్తుంది. కొన్నిచోట్ల ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు మారతారు. వారణాసి సీనులో ఒకడు, కాటి సీనులో మరొకడు. ఏళ్ళ తరబడి కాపురం చేసిన భర్తగా ఆమె గుర్తుపట్టవలసిన మనిషి గంట కిందట వేషం కట్టుకున్నవాడు కావచ్చు. పైనుంచి వేలాడే మైకు కిందనే నిలబడాలి, రెండడుగులు పక్కకు పోతే పద్యం వెనక వరసకు వినబడదు. హార్మోనియం మాస్టారు మగవాళ్ళ శ్రుతిలో నుంచి ఆమె శ్రుతికి ఎప్పుడు మారతాడో కనిపెట్టుకొని ఉండాలి. నీ మూడో నటి కదలకుండా నిలబడ్డదని తప్పు పట్టావు. మైకు ఎక్కడ ఉన్నదో చూశావా?

నాటక పాఠం కూడా దగ్గర పెట్టుకో. కాటి సీనులో మనం వినే పద్యాలన్నీ బలిజేపల్లి వారివి కావు. జాషువా గారి స్మశానవాటి పద్యాలను నటులు అందులో చేర్చుకున్నారు, అవి ఇప్పుడు నాటకంలో ఎంతగా కలిసిపోయాయంటే మొదటినుంచీ అక్కడివే అనుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. హరిశ్చంద్రుడు ఆ పద్యాలు పాడుతున్నంతసేపు సీను నిడివి పెరుగుతుంది, బిడ్డతో వచ్చే చంద్రమతి అలిసిపోయిన సభ ముందుకు అడుగుపెడుతుంది. ఈ సంగతి తెలియకపోతే ఆమె పద్యాన్ని తొందరగా ఎత్తుకున్నదని రాస్తావు. వీలైతే 15వ శతాబ్దపు గౌరన రాసిన హరిశ్చంద్ర ద్విపద చదువు. మన రాచకొండ, దేవరకొండ సీమను పద్మనాయకులు ఏలిన కాలపు కవి ఆయన. ఈ కథ మన మట్టిలో ఎంత పాతదో నీకు అప్పుడు తెలుస్తుంది.

చూడనివాళ్ళతో మాత్రం పోల్చకు. స్థానం నరసింహారావు గారు మగవారై ఉండి స్త్రీ పాత్రలకు పేరు తెచ్చారనీ, 1885లో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో ఆడవాళ్ళే ఆడవేషాలు వేస్తూ వచ్చారనీ, 1935 నాటి హరిశ్చంద్ర సినిమాలో చంద్రమతి వేసిన కన్నాంబ రంగస్థలం మీది నుంచే వెళ్ళారనీ చరిత్రగా చెప్పవచ్చు. కాని నువ్వు కళ్ళారా చూసిన నటిని, విన్న కీర్తితో తూచడం న్యాయం కాదు.

పాత్రలో జీవించింది, కంటతడి పెట్టించింది అన్న మాటలు కొట్టెయ్యి. ఎవరి కన్ను, ఏ పాదం దగ్గర తడిసిందో రాయి. మరొకటి, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను: మొదటి ఆమె వయసు గురించీ, ఒళ్ళు గురించీ రాసిన రెండు వాక్యాలు తీసెయ్యి. నాటకాల ఆడది అన్న మాటను తల మీద మోస్తూ, తెల్లవారుజామున మొదటి బస్సు కోసం రోడ్డు మీద నిలబడే మనిషి గురించి రాస్తున్నావు. హరిశ్చంద్రుడి వేషం వేసిన ఆయన పొట్ట గురించి నువ్వు ఒక్క మాట రాయలేదు కదా, బిడ్డా.

మళ్ళీ ఎక్కడైనా కాటి సీను ఉన్నదని తెలిస్తే, హార్మోనియం పక్కన, నటి ముఖం పక్కనుంచి కనిపించే చోట కూర్చో. చిన్న నోటుబుక్కు తీసుకుపో. సూత్రం మాట రాగానే రాయడం ఆపి చూడు, తరువాత రాసుకోవచ్చు. నాటకం అయిపోయి ఆమె రంగు కడుక్కునేటప్పుడు, అభ్యంతరం లేకపోతే, ఒక్కటే అడుగు: అమ్మా, కాపరి గొంతు విన్నప్పుడే మీకు తెలిసిందా, సూత్రం మాట అన్న తరువాతనా? ఆమె చెప్పిన జవాబును ఆమె మాటల్లోనే రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న వంటివాడు