చైనా కంపెనీలో బాస్ చెప్పింది తప్పనిపిస్తే నోరు విప్పొచ్చా?

వచ్చే నెల షెన్‌జెన్ లో జాయిన్ అవుతున్నా, అక్కడ బాస్ కి ఎదురు చెప్తే ఇక అంతేనంట, నిజమేనా అని అడిగారు కదా. నేను 2015 నుంచి 2019 దాకా పక్కనే డోంగ్వాన్ లో, చాంగ్‌ఆన్ అనే టౌన్ లో పనిచేశా, మౌల్డులకి (పార్ట్‌లు పోసే అచ్చులు) పెట్టింది పేరు ఆ ఊరు. చెప్పొచ్చండి, వాళ్ళూ చెప్తారు. కాకపోతే పదిమందిలో చెప్పరు, అది తెలీక నేను మొదట్లోనే బోల్తా పడ్డా.

మాది ప్లాస్టిక్ మౌల్డింగ్. చేరిన నాలుగో నెలలో మీటింగ్ లో మా బాస్ (అక్కడ పేరు పెట్టి పిలవరు, ఇంటిపేరు పక్కన జోంగ్ అని తగిలిస్తారు, మన సార్ లాగా) ఒక పార్ట్ కి సైకిల్ టైం (ఒక్కో పార్ట్ తీయడానికి పట్టే టైం) 34 సెకన్ల నుంచి 28 కి దించాలన్నాడు, కస్టమర్ కి ఆల్రెడీ మాటిచ్చేశాడట. నేను ఆగలేదు, కూలింగ్ తగ్గిస్తే పార్ట్ వంకర పోతుంది అది కుదరదు అని వచ్చీరాని చైనీస్ లో పన్నెండు మంది ముందు అనేశా. ఎవరూ కిక్కురుమనలేదు. ఆయన కూడా ఏమీ అనలేదు, పేజీ తిప్పి నెక్స్ట్ పాయింట్ కి వెళ్ళిపోయాడు, ఆ తర్వాత రెండు వారాలు నాకు ఏ మెయిల్ లోనూ కాపీ లేదు.

మా లైన్ లీడర్ హునాన్ నుంచి వచ్చినావిడ, నాకంటే పదేళ్ళు పెద్ద, క్యాంటీన్ లో కూర్చోబెట్టి క్లాస్ పీకింది. నువ్వు చెప్పింది కరెక్టే, మాకందరికీ తెలుసు, కానీ ఆయన మియన్‌జీ తీసేశావు, దిగడానికి మెట్టు కూడా ఉంచలేదు అంది. మియన్‌జీ అంటే పరువు. మెట్టు అనేది వాళ్ళు నిజంగా వాడే మాట, పైకెక్కి కూర్చున్నోడికి మర్యాదగా కిందకి దిగే దారి చూపించాలన్నమాట.

తర్వాత ఆవిడ చెప్పినట్టే చేశా. 28 సెకన్లకి తీసిన పార్ట్‌లు పది, 34 కి తీసినవి పది పట్టుకుని సాయంత్రం షిఫ్ట్ మారాక ఆయన రూంకి వెళ్ళా. గ్వాంగ్‌డాంగ్ లో (షెన్‌జెన్, డోంగ్వాన్ ఉన్న రాష్ట్రం) బాస్ రూం అంటే చాలాచోట్ల పెద్ద టీ బల్ల ఉంటుంది, చిన్న చిన్న కప్పుల్లో ఆయనే పోస్తాడు, మనం థాంక్స్ అనే బదులు రెండు వేళ్ళతో బల్ల మీద తట్టాలి. రెండు రకాల పార్ట్‌లూ ఆ బల్ల మీదే పెట్టి, నాకు సరిగ్గా అర్థం కాలేదేమో ఒకసారి చూడండి అన్నా, అంతే. ఆయన వేలితో నొక్కితే 28 ది ఊగుతోంది. కాసేపు ఊపుతూ కూర్చుని ఎంతకి తేగలవు అన్నాడు. మౌల్డ్ లో నీళ్ళ దారులకి సున్నం పట్టింది, క్లీన్ చేయించుకుంటే 31 కి వస్తుంది అన్నా. పొద్దున్నే మీటింగ్ లో, రాత్రంతా ఆలోచించాను 31 చేద్దాం అని తనే డిసైడ్ చేసినట్టు చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, నిజం చెప్తున్నా. కానీ కస్టమర్ తో మాట తగ్గించుకుని తిట్లు తిన్నది కూడా ఆయనే, ఆ ఫోన్ లో నా పేరు ఎక్కడా రాలేదు.

కొన్నాళ్ళకి అదే టీ బల్ల దగ్గర ఒక కథ చెప్పాడు. ఏడో శతాబ్దంలో టాంగ్ చక్రవర్తి తైజోంగ్ డేగతో ఆడుకుంటుంటే, మొహం మీదే తప్పులు చెప్పే మంత్రి వెయ్ జెంగ్ వచ్చాడట. ఇప్పుడు చీవాట్లు పెడతాడని డేగని బట్టల్లో దాచేశాడు చక్రవర్తి. మంత్రి చూసీ చూడనట్టు రాజ్య విషయాలు సాగదీసి సాగదీసి చెప్తూనే ఉన్నాడు, డేగ లోపలే ఊపిరాడక చచ్చింది. నువ్వు ఆ రోజు మీటింగ్ లో డేగని బయటికి లాగావు అని ఒకటే నవ్వు.

అన్ని కంపెనీలూ ఇలాగే ఉండవు. హువావే లో మేనేజ్‌మెంట్ ప్లాన్‌లో తప్పులు వెతకడానికే బ్లూ ఆర్మీ అని ఒక టీం ఉంది, టిక్‌టాక్ వాళ్ళ కంపెనీ బైట్‌డాన్స్ లో జోంగ్ అని పిలవొద్దనే రూల్ పెట్టారు. ఇప్పటి కుర్రాళ్ళు మొహం మీదే అడిగేస్తున్నారు కూడా.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. వీచాట్ (అక్కడి వాట్సాప్ లాంటిది) గ్రూప్ లో బాస్ ఏదైనా పెడితే అందరూ షౌదావ్ అని కొడతారు. ఒప్పుకున్నాం అనుకునేరు, అందింది అని మాత్రమే దానర్థం. మా పక్క డిపార్ట్‌మెంట్ మేనేజర్ ది వేరే టైపు, రూంకి వెళ్ళి మెల్లగా చెప్పినవాడిని కూడా మర్నాడు అందరి ముందు కడిగేసేవాడు. ఒక ఫిక్స్చర్ (పార్ట్ ని కదలకుండా పట్టుకునే బిగింపు) అరిగిపోయిందని ఆపరేటర్లకి ముందే తెలుసు, ఎవరూ చెప్పలేదు. సరుకు కస్టమర్ దగ్గర్నుంచి వెనక్కొచ్చింది, మా వాళ్ళతో సహా నాలుగు రాత్రులు కూర్చుని చేత్తో ఏరాం. మూడో రాత్రి నిద్ర ఆపుకోలేక వాళ్ళ గ్రూప్ పైకి స్క్రోల్ చేసి చూశా, ఫిక్స్చర్ మార్చకుండా ఇంకో నెల నడపండి అన్న ఆయన మెసేజ్ కింద వరసగా షౌదావ్, షౌదావ్, షౌదావ్.