వానలు దిగకముందే బాత్రూం బూజు వదిలించుకో

చి. రమకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఫొటోలు చూశానమ్మా. షవరు గోడకు టైల్స్ సందుల వెంట నల్లగా పాకింది బూజు. నేలమీద పచ్చగా జారేది నాచు. జాలీ చుట్టూ తెల్లగా గట్టిపడింది బోరునీళ్ల ఉప్పు. మూడింటికీ కలిపి యాసిడ్ పోయించకు తల్లీ. యాసిడ్‌తో ఉప్పు కరిగే మాట నిజమే, కానీ టైల్స్ మధ్య సిమెంటునూ అది తినేస్తుంది. గరుకెక్కిన ఆ సందుల్లో సబ్బుజిడ్డూ తడీ నిలిచి బూజు మళ్లీ పడుతుంది.

ముందు సీలింగు మచ్చ సంగతి తేల్చుకో. తుడిచి, ఆరాక, ఆ మచ్చ మీద జానెడు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచు. సీలింగు వైపు చెమ్మ పడితే పైఫ్లాటు నుంచి నీళ్లు దిగుతున్నట్టే. అప్పుడు ఎంత తుడిచినా దండగ, ప్లంబరు రావాల్సిందే. గదివైపు పడితే అది స్నానాల ఆవిరి.

ఇక కడగడం. గిన్నెలు తోమే లిక్విడ్‌తో, నైలాన్ బ్రష్‌తో ముందు జిడ్డు వదిలించు. లేకపోతే బ్లీచు పస అంతా జిడ్డుకే సరిపోతుంది. పొడిగా ఉన్న బూజును గీకకు, పొడి లేచి గదంతా పరుచుకుంటుంది. సోడియం హైపోక్లోరైట్ 4–5 శాతం ఉన్న బ్లీచు 100 మిల్లీలీటర్లు లీటరు చన్నీళ్లలో కలుపు. తయారీ తేదీ చూసి కొను, మద్రాసు వేడికి అది త్వరగా పస తగ్గుతుంది. గోడకు పోస్తే జారిపోతుంది కాబట్టి, టిష్యూ కాగితాన్ని వేలెడు వెడల్పున పొడుగ్గా మడిచి, బ్లీచు నీళ్లలో తడిపి సందు మీద అదిమిపెట్టు. పావుగంట అయ్యాక తీసి బాగా కడిగెయ్.

చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి. టాయిలెట్ క్లీనరు గానీ యాసిడ్ గానీ వెనిగర్ గానీ ఆ రోజు బాత్రూంలోకే రాకూడదు. బ్లీచుతో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అంత చిన్న గదిలో ప్రాణం మీదికి వస్తుంది. ఆయాసం ఉన్న మీ అత్తగారిని ఆ పూట అటు రానివ్వకు. కుళాయిల మీది ఉప్పు వేరే రోజు చూసుకో.

వాష్‌బేసిన్ అంచున సిలికాన్ లోపలిదాకా నల్లబడితే ఏ మందూ పనిచేయదు. బ్లేడుతో కోసి తీసేసి, ఒకరోజు ఆరనిచ్చి, బూజు నిరోధక శానిటరీ సిలికాన్ వేయించు. 24 గంటలు నీళ్లు తగలకూడదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మద్రాసులో వానలు, బయటి గాలే తడి, కిటికీ తెరిచి ఉంచినంత మాత్రాన గోడలు ఆరవు. ఆఖరి స్నానం అయ్యాక గోడలకూ వైపర్ లాగాలి, నేలకు మాత్రమే కాదు. తర్వాత అరగంట ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్. దాని పక్క కిటికీ అప్పుడు మూసెయ్, లేకపోతే అక్కడి గాలినే తిప్పుతూ కూర్చుంటుంది. తలుపు కింద వేలు దూరే సందు ఉంటే హాల్లో గాలి గదంతా దాటుకుని వస్తుంది. ఫ్యాన్ జాలీకి టిష్యూ ముక్క పెట్టి చూడు. అతుక్కోకపోతే రెక్కలకు దుమ్ము పట్టినట్టు.

సీలింగుకు పెయింటు వేయించేది అది పూర్తిగా ఆరాకే, బూజు చంపాకే. పాలిథిన్ ఊడదీసిన రోజు రెండు వైపులా ఫొటో తీసి పెట్టు, చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ